గురువారం ఫ్యూజు

కుతాయిసి ఊరంతా కరెంటు లేని ఆ చలికాలం
కరెంటు ఎక్కడ కారిపోతోందో వెతకడం మా పని.
ఈ మాటకి బెజాన్ మేస్త్రి ఒక్కడే నవ్వేవాడు,
అదీ రోజుకోసారి, టీ చల్లారేలోపు.

యామ్జె గారి జిగులీ మళ్ళీ వచ్చింది.
మీగడ రంగు, నా కంటే రెండేళ్ళు పెద్దది.
నెలలో నాలుగోసారి
వెనక దీపాలు పోయాయి, వాటి వెంటే
మీటరు వెలుగూ పోయింది.
ఫ్యూజు మారిస్తే వెలుగుతుంది,
వారం తిరక్కుండా మళ్ళీ చీకటి.
వంతెన దగ్గర ఎవడో సిగరెట్టు పెట్టెలోని
వెండి కాగితం చుట్టి పంపాడట, "ఇక కాలదు" అని.
మేస్త్రి దాన్ని పటకారుతో పీకి
చచ్చిన తేలుని చూపించినట్టు చూపించాడు.
"నిజమేరా, ఇది కాలదు. బండి కాలుతుంది."

ఫ్యూజు ఉండాల్సిన చోట ఒక బల్బు తగిలించాడు.
అది మసగ్గా ఉన్నంతసేపూ అంతా సవ్యం.
భగ్గుమందా,
వైరు ఎక్కడో రేకుని ముట్టుకున్నట్టు.
స్విచ్చి కదిపాం. మసక.
డాష్‌బోర్డు కింద చెయ్యి దూర్చి
వైర్ల జడ పట్టుకుని ఊపాం. మసక.
సీటు ఊడదీశాం, తివాచీ లేపాం,
ఒక దువ్వెన, చెల్లని రూబుళ్ళు మూడు.
మసకే.
ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు అల్లరి పిల్లాడిలా
చేతులు కట్టుకు కూర్చుంది బండి.

వీధి మొత్తానికి వెలిగే బల్బు అదొక్కటే.
ఎదురింటి పిల్ల లెక్కల పుస్తకం తెచ్చుకుని
తెరిచిన తలుపు పక్కన నిలబడి
ఆ మసకలోనే పెదవులు కదుపుతోంది.

మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు.
"పోయేది ఏ రోజుల్లో?"
ఆవిడ వేళ్ళు మడిచి చూసుకుంది.
"గురువారాలు... అనుకుంటా."
"ఆ రోజు డిక్కీలో ఏముంటుంది?"
"ఏమీ ఉండదు."
చాలా తొందరగా అంది.

మేస్త్రి నా వైపు తిరిగాడు.
"ఎంత బరువుంటావు నువ్వు?"
పద్నాలుగేళ్ళు. యాభై కిలోలు, బూట్లతో కలిపి.
"ఎక్కు."

మోకాళ్ళు గడ్డానికి ఆనించి డిక్కీలో కూర్చున్నాను.
కుడి మూల, ఏమీ లేదు.
ఎడమ మూలకి జరిగి ఒక్క ఎగురు ఎగిరి పడ్డాను,
ఆ పిల్ల చేతిలో పేజీ
తెల్లగా మెరిసింది.

అక్కడుంది.
నంబరు పలక దీపానికి పోయే వైరు.
రేకు కన్నంలో రబ్బరు ఎప్పుడో రాలిపోయి
అంచు కోసుకుని, గోటి మీద తెలుపంత రాగి.
డిక్కీ ఖాళీగా ఉంటే వెంట్రుకవాసి ఎడం.
బరువు పడి, గతుకు తగిలితే ఆ ఎడమూ లేదు.
నా వేళ్ళకి ఇంకేదో అంటింది.
మొక్కజొన్న పిండి. మూలంతా, మెత్తగా.

చెయ్యి పైకెత్తి చూపించాను.
మేస్త్రి నా చెయ్యి చూశాడు, ఆవిడ వైపు చూడలేదు.
"తుడుచుకో" అన్నాడు.

ఆ ఏడు బస్తా పిండి అంటే ఏమిటో
రొట్టె క్యూలో తెల్లవారిన ఎవరినైనా అడగండి.
సముద్రపొడ్డు నుంచి తరిమితే వచ్చినవాళ్ళు
త్స్కల్తుబో స్నానశాలల్లో
పాలరాతి మీద దుప్పట్లు పరుచుకున్నారు.
ఆవిడ దారి అటో, మరెవరి గడపకో,
ఇంట్లో ఆయనకి తెలుసో తెలియదో,
వైరు చెప్పలేదు. మేమూ అడగలేదు.

సైకిలు ట్యూబు ముక్క కోసి కన్నానికి తొడిగాడు,
రాగికి టేపు చుట్టాడు,
పద్దు పుస్తకంలో "పలక దీపం వైరు" అని రాసి
అక్కడికి ఆపేశాడు.
ఆవిడ తాళం తిప్పాక మాత్రం
అద్దం దగ్గరికి వంగి, గొంతు తగ్గించి
"బరువేమైనా ఉంటే
కుడి పక్క పెట్టుకోండి" అన్నాడు.

ఎర్ర దీపాలు రెండూ, మధ్యన చిన్న తెల్లదీ
మలుపు దాకా కనబడ్డాయి.

ఎదురింటి పిల్ల ఇంకా వెళ్ళలేదు.
"రేపు ఇంకో బండి వస్తుందా?
రెండు లెక్కలు మిగిలాయి."